12 వోల్ట్ల ఇన్వర్టర్: 4047 సర్క్యూట్ లోడ్ పెడితే 170కి పడిపోతున్నది, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాల్నా?

జమ్మికుంట పోరడు (1)

అందరికీ నమస్తే. ఇంటికోసం ఇన్వర్టర్ సొంతంగ కడుతున్న. సీడీ 4047 ఐసీ (పల్సులు పుట్టించేది), రెండు దిక్కుల ఒక్కో ఐఆర్ఎఫ్ జెడ్44 మాస్‌ఫెట్ (స్విచ్ లెక్క పనిచేసే ట్రాన్సిస్టర్), బయట దొరికే 12-0-12 (నడుమ ట్యాప్ ఉన్నది), 5 ఆంప్‌ల ట్రాన్స్‌ఫార్మర్, 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీ. ఖాళీగ ఉన్నప్పుడు అవుట్‌పుట్ 230కి అటూ ఇటూ ఉంటది. 100 వాట్ల బల్బు, ఒక సీలింగ్ ఫ్యాన్ పెట్టంగనే 170కి దిగుతది. ఫ్యాన్ గుయ్యిమని మోత, ట్రాన్స్‌ఫార్మర్ చెయ్యి పెట్టలేనంత వేడి. మాస్‌ఫెట్లు పెంచాల్నా, ట్రాన్స్‌ఫార్మర్ మార్చాల్నా? అన్నలు జర చెప్పండి.

హన్మకొండ ల్యాబ్ (2)

రెండింటి కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది: అవుట్‌పుట్‌లో మీకు ఏ వేవ్ కావాలి? ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ, తీగ మందం, మాస్‌ఫెట్ల లెక్క అన్నీ దాని నుంచే వస్తాయి. చాలామంది ట్రాన్స్‌ఫార్మర్ ముందు కొని, దానికి సర్క్యూట్ అతికిస్తారు. అక్కడే లెక్క తప్పుతుంది.

4047 ఇచ్చేది పూర్తి స్క్వేర్ వేవ్. అందులో పీక్ (అత్యధిక వోల్టేజ్), ఆర్ఎంఎస్ (లోడ్ మీద నిజంగా పనిచేసే వోల్టేజ్) రెండూ ఒకటే, కాబట్టి సెకండరీలో 230 పీక్ వస్తే చాలు. బ్యాటరీ 12లో మాస్‌ఫెట్, తీగలు, వైండింగ్ కలిసి 0.8 వోల్ట్ దాకా తింటాయి, మిగిలేది 11.2. అంటే సెకండరీ, ప్రైమరీ చుట్ల నిష్పత్తి 20.5 ఉండాలి. మీ ట్రాన్స్‌ఫార్మర్‌ను ఫుల్ లోడ్‌లో 12 ఇచ్చేట్టు చుడతారు, ఖాళీగా అది 13 దాకా ఇస్తుంది. 230ని 13తో భాగిస్తే 17.7. దాన్ని తిరగేసి వాడితే 11.2 వోల్ట్లకు 198 మాత్రమే వస్తుంది. ఇక వైండింగ్ సన్నగా ఉంటే 170కి దిగడంలో వింత లేదు.

ఒకసారి ఫ్రీక్వెన్సీ కూడా చూసుకోండి. 4047లో 10, 11 పిన్నుల దగ్గర ఫ్రీక్వెన్సీ 1/(4.4 × ఆర్ × సీ). 0.1 మైక్రోఫారడ్‌కు 50 హెర్ట్జ్ రావాలంటే 45.5 కే. 33కే రెసిస్టర్, దానికి సిరీస్‌లో 22కే ప్రీసెట్ (తిప్పి విలువ మార్చే రెసిస్టర్) పెట్టండి. కెపాసిటర్ పాలిస్టర్‌దే కావాలి, సిరామిక్ డిస్క్ అయితే వేడికి విలువ జరుగుతుంది. ఫ్రీక్వెన్సీ 40కి పడితే కోర్ సాచురేట్ అయి (ఇంక అయస్కాంత బలం మోయలేనంత నిండి) మీరు చెప్పిన వేడి, మోత రెండూ వస్తాయి.

కాజీపేట వైండర్ (3)

ఆ 5 ఆంప్‌ల ట్రాన్స్‌ఫార్మర్ ఇన్వర్టర్‌కు ఎంత మోస్తదో లెక్క చెప్త. పుష్‌పుల్‌ల (రెండు దిక్కులు వంతులేసుకొని నడిచే సర్క్యూట్‌ల) ఒక్కో సగం వైండింగ్ సగం టైమే పనిచేస్తది. బ్యాటరీ కరెంట్‌ను రూట్ 2తోని భాగిస్తే ఒక్కో సగంల ఆర్ఎంఎస్ వస్తది. తీగ 5 ఆంప్‌లకే అయితే బ్యాటరీ నుంచి 7 ఆంప్‌ల కన్నా ఎక్కువ తియ్యద్దు. అంటే 85 వాట్ల ఇన్‌పుట్. నువ్వు 100 వాట్ల బల్బు, మీద ఫ్యాన్ పెట్టినవు తమ్మీ. కాలుడే దాని పని.

మాస్‌ఫెట్లు పెంచితే వోల్టేజ్ పెరగది. మార్చాల్సింది ట్రాన్స్‌ఫార్మరే. కానీ ల్యాబ్ సార్ చెప్పినట్టు వేవ్ తేలినంకనే తీగ కొను. మొత్తం లోడ్ ఎంత?

జమ్మికుంట పోరడు (4)

రెండు సీలింగ్ ఫ్యాన్లు (75 వాట్లవి), మూడు 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు, 32 ఇంచుల టీవీ 50 వాట్లు, వైఫై రూటర్ 10 వాట్లు. ఫ్రిజ్, మిక్సీ పెట్టను. ప్యూర్ సైన్ అయితే మంచిగుంటదని తెల్సు, కానీ చేతిల స్కోప్ (వేవ్ ఆకారం చూపే ఆసిలోస్కోప్) లేదు. మల్టీమీటర్‌తోనే నడిపియ్యాలె.

హన్మకొండ ల్యాబ్ (5)

కలిపితే 237 వాట్లు. ఎఫిషియెన్సీ 82 శాతం అనుకుంటే ఇన్‌పుట్ 289 వాట్లు, 12 వోల్ట్ల మీద సగటున 24 ఆంప్‌లు. కోర్ 300 వీఏకి చూసుకోండి.

స్కోప్ లేకుండా చేయదగ్గది ఎస్‌జీ 3525 (పల్స్ వెడల్పు మార్చే ఐసీ)తో క్వాసీ స్క్వేర్, అంగట్లో మోడిఫైడ్ సైన్ అనేది అదే. ప్రతి అరసైకిల్‌లో కొంతసేపు ఆన్, కొంతసేపు రెండు దిక్కులూ ఆఫ్. ఆన్ టైమ్ మారుస్తూ వోల్టేజీని పట్టి ఉంచొచ్చు, 4047కు ఆ వీలు లేదు. ఆర్ఎంఎస్ అంటే పీక్‌ను డ్యూటీ (ఆన్ ఉన్న టైమ్ వాటా) వర్గమూలంతో గుణించడమే. పీక్ 325 కావాలంటే డ్యూటీ సగం, అంటే పది మిల్లీసెకన్లలో ఐదు ఆన్.

3525లో ఆసిలేటర్ 100 హెర్ట్జ్‌కు పెట్టాలి, అవుట్‌పుట్లు దాంట్లో సగానికి నడుస్తాయి. సూత్రం: 1/(సీటీ × (0.7 ఆర్‌టీ + 3 ఆర్‌డీ)). సీటీ టైమింగ్ కెపాసిటర్, ఆర్‌టీ టైమింగ్ రెసిస్టర్, ఆర్‌డీ డిశ్చార్జ్ రెసిస్టర్. సీటీ 0.1 మైక్రోఫారడ్ పెట్టి, 5, 7 పిన్నుల మధ్య ఆర్‌డీ 470 ఓమ్‌లు పెడితే డెడ్ టైమ్ (రెండు దిక్కులూ ఆఫ్ ఉండే విరామం) 0.14 మిల్లీసెకను. ఆర్‌టీ 140 కే దగ్గర వస్తుంది: 6వ పిన్ నుంచి గ్రౌండ్‌కు 120కే, దానితో సిరీస్‌లో 50కే ప్రీసెట్. ఈ ఐసీకి ఆర్‌టీ 150కే దాటించొద్దు. 8వ పిన్‌కు 10 మైక్రోఫారడ్ సాఫ్ట్ స్టార్ట్. 10వ పిన్ షట్‌డౌన్, వాడకపోతే గ్రౌండ్ చేయండి, గాలికి వదిలేస్తే చిన్న నాయిస్‌కే ఆగిపోతుంది.

స్కోప్ మంచిర్యాల (6)

ల్యాబ్ సార్, 325 పీక్ దగ్గర నాకు అభ్యంతరం ఉంది. ఈ తమ్ముడి లోడ్‌లో సగం కన్నా ఎక్కువ ఫ్యాన్లే. ఐదు మిల్లీసెకన్ల పల్స్‌లో మూడో హార్మోనిక్ (150 హెర్ట్జ్ తరంగం) ఫండమెంటల్‌లో (అసలు 50 హెర్ట్జ్ తరంగంలో) 33 శాతం, ఐదోది 20 శాతం. అచ్చం పూర్తి స్క్వేర్ వేవ్‌లో ఉన్నంతే. పేరు మోడిఫైడ్ అయినా ఫ్యాన్‌కు దక్కేది ఏమీ లేదు, మోత అట్లనే ఉంటుంది, కెపాసిటర్ అట్లనే వేడెక్కుతుంది.

పల్స్ 6.67 మిల్లీసెకన్లు అయితే మూడో హార్మోనిక్ సున్నా. అప్పుడు డ్యూటీ 0.67, 230 ఆర్ఎంఎస్‌కు కావాల్సిన పీక్ 281. టీవీ, రూటర్, ఎల్ఈడీల లోపల రెక్టిఫయర్ ఉంటుంది, 281 డీసీ వాటికి హాయిగా సరిపోతుంది. నిష్పత్తి 281/11.2, అంటే 25.

బ్యాటరీ నిండా ఉండి లోడ్ లేనప్పుడు 12.7 × 25 = 318 పీక్, డ్యూటీ 0.52కి తగ్గాలి. బ్యాటరీ 10.5కి దిగితే పీక్ 243, డ్యూటీ 0.9కి పెరగాలి. రెండు చివరలూ 3525 చేతిలోనే ఉన్నాయి. మీరన్న 325 లెక్కలో బ్యాటరీ నిండుగా ఉంటే పీక్ 368 పోతుంది, ఎల్ఈడీ డ్రైవర్‌లో 400 వోల్ట్ల కెపాసిటర్‌కు అది మరీ అంచు.

హన్మకొండ ల్యాబ్ (7)

ఫ్యాన్లు ఎక్కువున్న లోడ్‌కు 281 మేలే, ఒప్పుకుంటాను. నిష్పత్తి 25 ఖాయం చేద్దాం. వైండర్ అన్నా, చుట్లు మీరే చెప్పాలి.

కాజీపేట వైండర్ (8)

300 వీఏకు కోర్ అడ్డకోత 1.15 × రూట్ 300, ఇరవై చదరపు సెంటీమీటర్లు. స్క్వేర్ డ్రైవ్‌కు 4.44 కాదు, 4 వాడాలె: బీ (కోర్‌ల అయస్కాంత సాంద్రత) = వీ/(4 × 50 × చుట్లు × ఏరియా). వీ అంటే వైండింగ్ పేరు మీది వోల్టేజ్ కాదు, బ్యాటరీ ఇచ్చే పెద్ద వోల్టేజ్, 12.7. సగానికి 24 చుట్లు పెడితే 1.32 టెస్లా వస్తది. అది డ్యూటీ నూరు శాతానికి ఇరుక్కుపోయినా వచ్చే లెక్క, మామూలుగ నడిచేటప్పుడు ఇంకా తక్కువే. కాబట్టి సీఆర్ఎన్‌జీఓ స్టాంపింగ్ (కోర్‌కు పేర్చే ఉక్కు రేకులు) తట్టుకుంటది.

ప్రైమరీ 24 + 24, సెకండరీ 600. ప్రైమరీ కరెంట్ సగానికి 17 ఆంప్‌లు, 15 గేజ్ రెండు తీగలు జోడిస్తే 5.25 చదరపు మిల్లీమీటర్లు, సరిపోతది. సెకండరీకి 22 గేజ్.

టంగ్ (రేకు నడిమి కాలు) రెండు ఇంచులది తీసుకో, దొంతి 42 మిల్లీమీటర్లు పేర్చు. ఒకటిన్నర ఇంచుల టంగ్‌తోని కూడా ఇరవై ఏరియా వస్తది, కానీ దాని కిటికీ (తీగ పట్టే ఖాళీ) 19కి 57 మిల్లీమీటర్లే, ఇంత రాగి పట్టది. సుత్తితోని కొట్టి దూర్చితే ఇనామిల్ లేసి చుట్టుకు చుట్టు షార్ట్ అయితది.

స్కోప్ మంచిర్యాల (9)

అన్నా, 17 ఆంప్‌లు పూర్తి స్క్వేర్ వేవ్ లెక్క. ఇక్కడ బ్యాటరీ నుంచి కరెంట్ ఆగి ఆగి పోతుంది. సగటు 24 రావాలంటే ఆన్ ఉన్నప్పుడు 24/0.67, అంటే 36 ఆంప్‌లు లాగుతుంది. ఒక్కో సగం మొత్తం టైమ్‌లో మూడో వంతు నడుస్తుంది: 36 × రూట్ (1/3) = 21 ఆంప్‌లు ఆర్ఎంఎస్. రెండు తీగలైతే చదరపు మిల్లీమీటర్‌కు 4 ఆంప్‌లు పడుతుంది. మే నెలలో మన దిక్కు 44 డిగ్రీలు, ఆ ఇల్లు రేకులదైతే లోపల ఇంకా ఎక్కువ. 15 గేజ్ మూడు తీగలు వేస్తే 7.9 చదరపు మిల్లీమీటర్లు, 2.7 ఆంప్‌ల దగ్గర చల్లగా నడుస్తుంది. రెండించుల టంగ్ కిటికీలో మూడు తీగలూ పడతాయి: రాగి మొత్తం 616, కిటికీ 1935 చదరపు మిల్లీమీటర్లు.

ఫ్యూజ్, బ్యాటరీ కేబుల్ కూడా సగటు చూసి కాదు, ఈ 36 చూసి తీసుకోండి. 40 ఆంప్‌ల బ్లేడ్ ఫ్యూజ్ బ్యాటరీ ప్లస్ మొన దగ్గరే ఉండాలి. కేబుల్ 10 చదరపు మిల్లీమీటర్ల రాగి, పొడవు ఒక్కోటి మీటర్ దాటొద్దు.

కాజీపేట వైండర్ (10)

సరే, మూడు తీగలే వెయ్యి. రెండు సగాలను విడివిడిగ కాదు, పక్కపక్కనే పెట్టి ఒక్కసారే చుట్టు. ఒకదాని మీద ఒకటి చుడితే లీకేజ్ ఎక్కువై మాస్‌ఫెట్ ఆఫ్ అయిన ప్రతిసారి స్పైక్ (క్షణంపాటు ఎగిరే వోల్టేజ్) కొడతది. చుట్టుడు అయినంక వార్నిష్‌ల ముంచి ఎండబెట్టు, లేకుంటే 100 హెర్ట్జ్ హమ్ ఇల్లంత వినవడతది.

కరీంనగర్ సర్వీస్ (11)

మాస్‌ఫెట్ల సంగతి: గేట్‌కు వోల్టేజ్ ఇస్తే డ్రెయిన్ నుంచి సోర్స్‌కు కరెంట్ పోతుంది. పుష్‌పుల్‌లో ఆఫ్‌లో ఉన్న దిక్కు డ్రెయిన్ మీద బ్యాటరీకి రెట్టింపు పడుతుంది: 12.7కు 25.4, దాని మీద స్పైక్. ఐఆర్ఎఫ్ 3205 దిక్కుకు రెండు చొప్పున నాలుగు చాలు. 55 వోల్ట్లు, 8 మిల్లీ ఓమ్‌లు, వేడెక్కితే 13 అనుకోండి. ఒక్కోదాంట్లో పదిన్నర ఆంప్‌ల ఆర్ఎంఎస్, ఒకటిన్నర వాట్ మాత్రమే. జెడ్44ఎన్ అయితే 17.5 మిల్లీ ఓమ్‌లు, వేడి రెట్టింపు.

ఒక్కో గేట్‌కు విడిగా 10 ఓమ్‌ల రెసిస్టర్. రెండు గేట్లను కలిపి ఒకే రెసిస్టర్ పెడితే అవి ఒకదానితో ఒకటి ఆసిలేట్ అవుతాయి. గేట్ నుంచి సోర్స్‌కు 10కే, అది లేకపోతే ఐసీ ఊడినప్పుడు గేట్ తేలిపోయి బ్యాటరీ నేరుగా షార్ట్. ప్రతి దిక్కు డ్రెయిన్ నుంచి సోర్స్‌కు 1.5కేఈ39ఏ (స్పైక్‌ను మింగే డయోడ్), అది 54 వోల్ట్ల లోపే పట్టేస్తుంది. పక్కనే 10 ఓమ్‌లు 5 వాట్లు, 0.1 మైక్రోఫారడ్ సిరీస్‌లో స్నబ్బర్. ట్యాబ్ (మాస్‌ఫెట్ వెనక లోహపు రేకు) అంటే డ్రెయినే కాబట్టి రెండు దిక్కులకు రెండు హీట్‌సింక్‌లు, లేదంటే మైకా, బుష్ తప్పనిసరి.

3205 పేరుతో దొంగ సరుకు చాలా తిరుగుతుంది, కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా ఇక్కడ కొన్నా పరీక్షించాకే బిగించండి. గేట్‌కు సోర్స్ మీద 10 వోల్ట్లు ఇవ్వండి. బ్యాటరీ నుంచి 12 వోల్ట్ల 60 వాట్ల హెడ్‌లైట్ బల్బు ద్వారా డ్రెయిన్‌లోకి 5 ఆంప్‌లు పంపండి. మీటర్ మొనలు మాస్‌ఫెట్ కాళ్ల మొదట్లోనే పెట్టి డ్రెయిన్, సోర్స్ మధ్య మిల్లీవోల్ట్లు చదవండి. అసలుదైతే 40 మిల్లీవోల్ట్ల చుట్టూ ఉంటుంది. 100 దాటితే లోపల చిన్న చిప్ ఉన్నట్టే, పక్కన పడేయండి.

జమ్మికుంట పోరడు (12)

ఫీడ్‌బ్యాక్ ఎట్ల ఇయ్యాలె? 230ని నేరుగ 1వ పిన్‌కు రెసిస్టర్లతోని దించొచ్చా?

హన్మకొండ ల్యాబ్ (13)

వద్దు. అలా చేస్తే అవుట్‌పుట్‌కూ బ్యాటరీకీ మధ్య ఐసొలేషన్ పోతుంది, బ్యాటరీ మొనలు ముట్టుకున్నా షాక్ కొట్టొచ్చు. 230/6 వోల్ట్ల చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాని తర్వాత బ్రిడ్జ్. బ్రిడ్జ్ మీద 1కే లోడ్ రెసిస్టర్, ఆ తర్వాత 10కే, దాని తర్వాతే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్. కెపాసిటర్‌ను నేరుగా బ్రిడ్జ్‌కు కడితే అది పీక్‌ను పట్టుకుంటుంది. పీక్ బ్యాటరీని బట్టి ఉంటుంది, డ్యూటీ మారినా మారదు, అంటే ఐసీకి నియంత్రించడానికి ఏమీ అందదు. కెపాసిటర్ నుంచి ప్రీసెట్ ద్వారా 1వ పిన్‌కు. 16వ పిన్ 5.1 వోల్ట్లను రెండు 10కేలతో సగం చేసి 2వ పిన్‌కు. 9, 1 పిన్నుల మధ్య 1 మైక్రోఫారడ్, తొందరపడే లూప్ అయితే బల్బు మిణుకుతుంది.

ఇది సగటును పట్టి ఉంచుతుంది, ఆర్ఎంఎస్‌ను కాదు. కాబట్టి నిండు బ్యాటరీ మీద 244, అడుగంటినప్పుడు 213 దాకా జరుగుతుంది. ఇంటి లోడ్‌కు పరవాలేదు.

కరీంనగర్ సర్వీస్ (14)

ఇక్కడే మల్టీమీటర్ ముంచుతుంది, జాగ్రత్త. మామూలు మీటర్ సగటును కొలిచి 1.11తో గుణించి చూపిస్తుంది, ఆ అంకె సైన్ వేవ్‌కే నిజం. ఈ వేవ్‌లో సగటు 281 × 0.67, అంటే 187. దాన్ని 1.11తో గుణిస్తే మీటర్ మీద కనపడేది 208. అసలు ఆర్ఎంఎస్ మాత్రం 230. ఐదు మిల్లీసెకన్ల పల్స్ అయితే ఇంకా ఘోరం, 180 చూపిస్తుంది. తక్కువొస్తోందని ప్రీసెట్ తిప్పి 230కి తెచ్చారంటే లోడ్ మీద 240 దాటి పడుతుంది. మీటర్ మీద ట్రూ ఆర్ఎంఎస్ అని రాసి లేకపోతే 208 దగ్గరే ఆపండి. పూర్తి స్క్వేర్‌కు ఉల్టా: 230 ఉంటే 255 చూపిస్తుంది. అందుకే మీ 4047 మొదట చూపిన 230 కూడా నిజానికి 207.

ములుగు సోలార్ (15)

ఇంత కష్టపడేది ఫ్యాన్లకోసమే అయితే ఈజీఎస్ 002 బోర్డుతోని సైన్ వేవే చెయ్యొచ్చు కదా? బోర్డు మీద ఈజీ 8010 (సైన్ వేవ్ తయారుచేసే ఐసీ), రెండు ఐఆర్ 2110లు (మాస్‌ఫెట్లను నడిపే ఐసీలు) అన్నీ ఉంటయి, 50 హెర్ట్జ్ క్రిస్టల్ నుంచే వస్తది. స్కోప్ లేకున్నా నడుస్తది.

స్కోప్ మంచిర్యాల (16)

నడుస్తుంది, కానీ ట్రాన్స్‌ఫార్మర్ మొత్తం మారుతుంది. సైన్‌లో బ్యాటరీ వోల్టేజే పీక్. 10.5 దగ్గర ఆర్ఎంఎస్ 7.4, నష్టాలు పోతే 6.5. కాబట్టి ట్యాప్ లేని 6.5 వోల్ట్ల ఒకే వైండింగ్, ఈ లోడ్‌కు 36 ఆంప్‌ల పైన మోయాలి. హెచ్ బ్రిడ్జ్‌కు (నాలుగు స్విచ్‌ల సర్క్యూట్‌కు) 3205లు ఎనిమిది.

ఎక్కువమందికి కాలేది చోక్ (పల్సులను మెత్తబరిచే కాయిల్) దగ్గర. సెకండరీ మీద 2.2 మైక్రోఫారడ్ ఫిల్టర్ కెపాసిటర్ పెడతారు. నిష్పత్తి 35, దాని వర్గం 1250, ప్రైమరీ దిక్కు నుంచి అది 2750 మైక్రోఫారడ్‌లా కనపడుతుంది. 23.4 కిలోహెర్ట్జ్ పల్సులు నేరుగా దాన్ని కొడితే లోడ్ లేకుండానే మాస్‌ఫెట్లు వేడెక్కుతాయి. ప్రైమరీతో సిరీస్‌లో 30 నుంచి 50 మైక్రోహెన్రీ చోక్ ఉండాలి. గ్యాప్ లేని ఫెర్రైట్ రింగ్ పనికిరాదు, ఐదారు ఆంప్‌లకే సాచురేట్ అవుతుంది. ఐరన్ పౌడర్ రింగ్ లేదా గ్యాప్ ఉన్న కోర్.

ఇంకొకటి, ఈ బోర్డులో ఒక లెగ్ (బ్రిడ్జ్‌లో పై, కింది స్విచ్‌ల జత) 23.4 కిలోహెర్ట్జ్‌కు, రెండోది 50 హెర్ట్జ్‌కే మారుతుంది. ఆ రెండో లెగ్‌లోని పైభాగం మాస్‌ఫెట్‌ను బూట్‌స్ట్రాప్ కెపాసిటర్ (దాని గేట్‌కు వోల్టేజ్ దాచిపెట్టేది) పది మిల్లీసెకన్లు పట్టి ఉంచాలి. గేట్‌కు 10కే పెట్టినా అది ఖాళీ అవుతుంది కాబట్టి ఆ కెపాసిటర్ 10 మైక్రోఫారడ్ కన్నా తగ్గొద్దు.

హెచ్ బ్రిడ్జ్‌కు అసలు బలం వేరే ఉంది. ఆఫ్ టైమ్‌లో కింది రెండు మాస్‌ఫెట్లు ఆన్ చేసి వైండింగ్‌ను సున్నా దగ్గర పట్టి ఉంచొచ్చు. పుష్‌పుల్‌లో రెండూ ఆఫ్, ఫ్యాన్ కాయిల్‌లోని కరెంట్ బాడీ డయోడ్ల నుంచి బ్యాటరీకి తిరిగొస్తూ వోల్టేజ్‌ను ఉల్టా తోస్తుంది. కాబట్టి ఫ్యాన్ మీద అసలు వేవ్ కాయితం మీద గీసినంత చక్కగా ఉండదు, హమ్ తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఫ్యాన్లు బీఎల్‌డీసీవి (బ్రష్ లేని డీసీ మోటార్‌వి) అయితే ఈ తిప్పలే లేదు, లోపల రెక్టిఫయర్ ఉంటుంది, 30 వాట్ల చుట్టూ తింటాయి.

జమ్మికుంట పోరడు (17)

ముందు 3525తోనే కడత. స్టాంపింగ్, 15, 22 గేజ్ తీగలు వరంగల్‌ల తెచ్చుకుంట. మొదటిసారి ఆన్ చేసుడు ఎట్ల? ఇంటి వైరింగ్‌కు ఎట్ల కలపాలె?

కరీంనగర్ సర్వీస్ (18)

ముందు ఐసీకి మాత్రమే సప్లై ఇవ్వండి, 15వ పిన్‌కు 10 ఓమ్‌లు, 100 మైక్రోఫారడ్ ఫిల్టర్ ద్వారా. 11, 14 పిన్నుల మీద మీటర్ డీసీలో రెండింటికీ ఒకే అంకె రావాలి. తేడా ఉంటే అక్కడే ఆగండి, ఆ తేడా కోర్‌ను ఒక దిక్కుకు సాచురేట్ చేస్తుంది.

ఆ తర్వాత బ్యాటరీ ప్లస్‌లో ఆ హెడ్‌లైట్ బల్బునే సిరీస్‌లో పెట్టి ట్రాన్స్‌ఫార్మర్ కలపండి. లోడ్ లేనప్పుడు ఫిలమెంట్ ఆరి ఉండాలి లేదా ఎర్రగా కొద్దిగా కనపడాలి. తెల్లగా వెలిగితే మాస్‌ఫెట్ షార్ట్, చుట్ల షార్ట్, లేదా ట్యాప్ తప్పు. బల్బు తీసేశాక అవుట్‌పుట్‌కు 40 వాట్ల ఫిలమెంట్ బల్బు, తర్వాత ఒక ఫ్యాన్, టీవీ చివర్లో. 10.5 దగ్గర ఆగేట్టు ఎల్ఎం 393 (వోల్టేజీలు పోల్చే ఐసీ)తో కట్ఆఫ్ పెట్టి దాని అవుట్‌పుట్‌ను 10వ పిన్‌కు ఇవ్వండి. తిరిగి ఆన్ 12 దాటాకే కావాలి, లేకపోతే లోడ్ పోగానే బ్యాటరీ లేచి మళ్లీ ఆన్, మళ్లీ ఆఫ్ అవుతూ ఉంటుంది.

ఇంటి వైరింగ్‌కు రెండు పోళ్ల చేంజోవర్ తప్ప ఇంకో దారి లేదు, ఫేజ్‌తో పాటు న్యూట్రల్ కూడా మారాలి. రెండు మొనలూ మగవి ఉన్న వైర్‌తో ప్లగ్‌లోకి గుచ్చడం ఎవరు చెప్పినా చేయొద్దు. కరెంట్ పోయినప్పుడు మీ 230 వోల్ట్లు ఇంటి కరెంట్ మీటర్ దాటి వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు పోతే అది తిరగబడి 11 వేల వోల్ట్ల లైన్ మీదికి ఎక్కుతుంది. ఎన్‌పీడీసీఎల్ లైన్‌మన్ లైన్ చచ్చిందనుకొని స్తంభమెక్కి ఉంటాడు.

కాజీపేట వైండర్ (19)

తమ్మీ, మాస్‌ఫెట్లకు కలిపే ముందు ట్యాప్ చూసుకో. పక్కపక్కనే చుట్టినవు కాబట్టి ఒక తీగ మొదలు, ఇంకో తీగ చివర కలిస్తేనే సెంటర్ ట్యాప్. రెండు మొదళ్లు కలిపితే ఒకదానికొకటి కొట్టేసుకుంటయి. సెకండరీకి 100 వాట్ల బల్బు సిరీస్‌ల పెట్టి ఇంటి 230 ఇయ్యి. ట్యాప్ నుంచి ఒక్కో మొనకు 9.2 వోల్ట్లు, రెండు బయటి మొనల మధ్య 18.4 రావాలె. 18.4 కాడ సున్నా వస్తే ఒక సగం తీగలు తిప్పి కలుపు. రెండు సగాల మధ్య పావు వోల్ట్ తేడా వచ్చినా ఒక చుట్టు తప్పిందన్నట్టే, వార్నిష్ పొయ్యకముందే విప్పి సరిచెయ్యి.